నీళ్లు లేని బాయి

మార్చి 1, 2025, శనివారం

నార్వే ఉత్తరాన ట్రోమ్సోలో అందర్నీ దింపేసి, పాస్‌పోర్టులు చూసి, మళ్లీ అదే విమానం ఎక్కించారు. స్వాల్‌బార్డ్ ద్వీపాల ఏలుబడి నార్వేదే, కానీ షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) గీతకు అవతల ఉన్నాయి. అక్కడికి ఎవరికీ వీసా అక్కర్లేదు. అట్లాగని చేతులూపుకుంటూ పోలేం. నార్వే మీదుగానే పోవాలి, నార్వే మీదుగానే రావాలి. కాబట్టి రెండుసార్లు ప్రవేశించే షెంగెన్ వీసా ఉండాల్సిందే. "వీసా అక్కర్లేని చోటికి వీసా ఎందుకు మేడమ్?" అని హైదరాబాద్‌లో ట్రావెల్స్ అబ్బాయి మూడుసార్లు అడిగాడు. మూడోసారి నాకే అనుమానం వచ్చింది.

లాంగ్‌యియర్‌బైన్. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం, రెండున్నర వేల జనం. లాంగ్‌యియర్ అనే అమెరికన్ 1906లో బొగ్గు కోసం పెట్టిన ఊరు. బైన్ అంటే నార్వే భాషలో ఊరే. మా గోదావరిఖని పేరులో గని ఉంది, వీళ్ల ఊరి పేరులో గని యజమాని ఉన్నాడు.

మేం ఆరుగురం. ఇక్కడ కళాకారులకు చోటిచ్చే పెద్ద సంస్థ ఒకటి ఉంది, ఆర్టికా స్వాల్‌బార్డ్. మాకు దానితో సంబంధం లేదు. ఆన్‌లైన్‌లో కలిసి, తలా ఇంత వేసుకుని వచ్చిన గుంపు మాది. అందరం ఏదో ఒక గని ఊరి వాళ్లమే. పోలండ్ బొగ్గు సీమ నుంచి ధ్వనులు రికార్డు చేసే అతను, నార్వే ఉత్తరాది నుంచి నేత పని చేసే అమ్మాయి, స్కాట్లండ్ నుంచి ఇనుముతో బొమ్మలు చేసే పెద్దాయన, ఇంకో ఇద్దరు ఫొటోల వాళ్లు, నేను. పెట్టుకున్న నియమాలు రెండే. రోజూ సాయంత్రం ఒకరు తమ చేతి పని మిగతావాళ్లకు నేర్పాలి, ఉపన్యాసాలు వద్దు. రెండోది, కళతో సంబంధం లేని మనిషి దగ్గర ప్రతి ఒక్కరూ ఈ ఊళ్లో ఏదైనా ఒకటి నేర్చుకోవాలి.

నా సామాన్లలో అరకిలో చింతపిక్కల పిండి, హార్లిక్స్ సీసాలో గుప్పెడు గోదావరిఖని బొగ్గు. "బొగ్గు ఊరికి బొగ్గు మోసుకపోతున్నవా" అని అమ్మ నవ్వింది.

బస ఊరి చివర న్యూబైన్‌లో. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గని కార్మికుల కోసం కట్టిన బ్యారక్‌లు ఇప్పుడు గెస్ట్‌హౌస్‌లయ్యాయి. గుమ్మంలోనే బూట్లు విప్పమన్నారు. గెస్ట్‌హౌస్‌లోనే కాదు, మ్యూజియంలో, చర్చిలో కూడా అంతేనట. బొగ్గు దుమ్ము లోపలికి రావొద్దని కార్మికుల కాలంలో మొదలైన అలవాటు, గనులు పోయినా ఇది పోలేదు. మా క్వార్టర్‌లో అమ్మ బాపును వాకిట్లోనే ఆపి, బకెట్ నీళ్లు పెట్టేది. సాక్స్‌లతో మెట్లెక్కుతుంటే ఆ బకెట్ గుర్తొచ్చింది.

మార్చి 2

పొద్దున తొమ్మిదికి బయట చీకటి లేదు, వెలుగూ లేదు. నీలిమందు కలిపిన నీళ్లలో ఊరిని ముంచి తీసినట్టుంది. సూర్యుడు ఫిబ్రవరి మధ్యలోనే ఆకాశం అంచు దాటాడట. కానీ ఊరు లోయలో ఉంది. కొండలు దాటి ఎండ ఊళ్లో పడేది మార్చి 8న. అందుకే ఈ తేదీలు పెట్టుకున్నాం.

ఫిబ్రవరిలో ఇక్కడ వాన పడింది. ధ్రువం దగ్గర నడి చలికాలంలో వాన! కురిసిన మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి, దారులన్నీ గాజు పలకలయ్యాయి. బూట్లకు ముళ్ల పట్టీలు తగిలించుకోమని చెప్పారు. నేను వినలేదు. చర్చి దారిలో వెల్లకిలా పడ్డాను. స్కాట్లండ్ పెద్దాయన నవ్వు ఆపుకుంటూ చెయ్యిచ్చి లేపాడు, ఆ వెంటనే తనూ పడ్డాడు.

ఇళ్లన్నీ కొయ్య గుంజల మీద నిలబడి ఉన్నాయి. కింది నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది, ఇంటి వేడి తగిలితే కరిగి కుంగుతుంది. ఆ ఇళ్ల రంగులు చూస్తే చిత్రకారులెవరికైనా అనుమానం రావాలి. పసుపు ఉంది, ఎరుపు ఉంది, ఆకుపచ్చ ఉంది, కానీ ఏదీ అరవడం లేదు. పక్కపక్క ఇళ్ల మధ్య తేడా అరమెట్టు, పావుమెట్టు. ఎవరికి తోచింది వాళ్లు వేసుకున్నవి కావవి. గ్రేటే స్మెడాల్ అనే రంగుల నిపుణురాలు 1980ల మొదట్లో ఊరంతటికీ కలిపి తయారుచేసిన ప్రణాళిక. ఇక్కడి రాళ్లు, నాచు, వేసవిలో పూసే చిన్న పూలు చూసి ఎంచిన రంగులు. నెలల తరబడి పొద్దు పొడవని చోట గోడ రంగు అలంకారం కాదు, దాన్ని చూసే ఇల్లు పోల్చుకోవాలి. మా కాలనీల్లో క్వార్టర్లన్నీ ఒకే రంగు. నంబరు చూసి ఇల్లు పట్టుకోవాల్సిందే. చిన్నప్పుడు ఒకసారి పక్కింటికెళ్లి అన్నం తిని, పడుకుని లేచాను కూడా.

సాయంత్రం నేత అమ్మాయి పాఠం. నాలుగు వేళ్లతో పట్టీ అల్లడం. నా పట్టీ పురికొసలా వచ్చింది.

మార్చి 3

ఊరి చుట్టూ కొండ వాలుల మీద కొయ్య గోపురాలు వరసగా నిలబడి ఉంటాయి. గనుల నుంచి రేవు దాకా తీగల మీద బొగ్గు తొట్లు నడిచిన దారి అది. ఆ తొట్లు 1987 దాకా తిరిగాయి. ఇప్పుడు తీగలు లేవు, గోపురాలు మాత్రం ఉన్నాయి. పోలండ్ అతను ఒక కొయ్య స్తంభానికి మైకు అంటించి, గాలి లోపల చేసే చప్పుడు వినిపించాడు. ఎవరో గొంతు సవరించుకుని, మాట్లాడకుండా ఊరుకున్నట్టుంది.

మధ్యాహ్నం చిన్న గొడవ. స్కాట్లండ్ పెద్దాయన మంచులోంచి పొడుచుకొచ్చిన తుప్పు మేకొకటి జేబులో వేసుకొచ్చాడు. ఈ బెత్తెడు మేకుతో బొమ్మ మొదలుపెడతానని మురిసిపోయాడు. అది చూసి గెస్ట్‌హౌస్ ఆమె మొహం మారిపోయింది. 1946కు ముందు మనిషి చెయ్యి తగిలి ఇక్కడ మిగిలినదేదైనా చట్ట ప్రకారం వారసత్వ సంపద. మేకైనా, డబ్బా మూతైనా, విరిగిన చక్రమైనా ముట్టుకోకూడదు. ఈ మేకు ఏ ఏటిదో చెప్పేవాళ్లెవరు? చెప్పలేం కాబట్టే ముట్టుకోకూడదు. పాపం, పెద్దాయన చీకట్లో టార్చి వేసుకుని, తీసిన చోటే పెట్టొచ్చాడు.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. మా దగ్గర బాయి అంటే బొగ్గు గనే. అది మూతబడితే మొదట కదిలేది ఇనుమే. తుక్కు కింద లారీలెక్కుతుంది. ఏడాది తిరిగేసరికి అక్కడ ఒకప్పుడు వేల మంది మస్టర్ పడ్డారంటే కొత్తవాళ్లు నమ్మరు. ఇక్కడ మేకుకు కూడా కాపలా. అయితే కాపలా ఉన్నది మేకులకే. మేకు కొట్టిన మనిషికి ఈ ఊళ్లో ముసలితనం గడపడానికి చోటు లేదని నాకు 6న తెలిసింది.

మార్చి 4

గాలి. బయటికి పోలేదు. నా పాఠం ఇవాళే.

చేర్యాల పటాలు వేసే నకాశీల దగ్గర కొన్నాళ్లు కూర్చుని నేర్చుకున్న పని నాది. బట్ట మీద బొమ్మ వేయాలంటే ముందు బట్టను సిద్ధం చేయాలి. చింతపిక్కల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూత మీద పూత వేయాలి. నలుపుకు వాళ్లు దీపపు మసి వాడేవాళ్లు. ఆ మసి బదులు బొగ్గు నూరి, చింతపిక్కల జిగురుతో రంగు కట్టొచ్చని నా ఆలోచన.

పిండి నీళ్లలో కలిపి పొయ్యి మీద పెట్టాను. కలుపుతూనే ఉండాలి, చెయ్యి ఆగితే ఉండ కడుతుంది. గరిటెకు అంటి, తాడులా సాగి, ఠక్కున తెగాలి. అదీ పాకం గుర్తు. వంటింట్లోకి పచ్చి గింజ వాసన వచ్చింది, ఆ వెనకే తేనె లాంటి వాసన. "తినొచ్చా?" అన్నాడు పోలండ్ అతను. తిన్నాడు. ఇంకోసారి అడగలేదు.

గాజు పలక మీద మా ఊరి బొగ్గు నూరాను. గరగరమంటుంది. బొగ్గులో కలిసిన రాయి పంటి కింద ఇసుకలా చేతికి తగులుతూనే ఉంటుంది. ఎంత నూరినా కాటుక నలుపు రాదు, బూడిద కలిసిన నలుపే. అదే నాకిష్టం. అందరం తలా ఒక గుడ్డ ముక్క మీద పూత వేసి ఆరబెట్టి పడుకున్నాం.

మార్చి 5

పొద్దున లేచి చూస్తే ఆరు గుడ్డలూ ఎండిన చెరువులే. నెర్రెలు విచ్చి, రేకులు లేచాయి. బయట గడ్డకట్టిన గాలిలో తేమ ఉండదు. దాన్నే లోపలికి తెచ్చి వేడి చేస్తే పెదవులు పగులుతాయి, పూత పగలదా? సుద్ద ఎక్కువ, జిగురు తక్కువ పడింది. గోదావరిఖని కొలత ఇక్కడ చెల్లదు. మొహం చిన్నబోయి ఉండగానే వ్యాన్ వచ్చింది. ఇవాళ మూడో గని.

మూడో గనిలో 1971 నుంచి 1996 దాకా బొగ్గు తీశారు. ఇప్పుడు చూడొచ్చేవాళ్లకు తెరిచారు. ఎయిర్‌పోర్ట్ పైన కొండలో ఉంది దాని నోరు. ఓవరాల్స్ ఇచ్చారు, హెల్మెట్ ఇచ్చారు. చివరగా టోపీ లైటు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా బాపు ముప్పై ఒక్కేళ్లు బాయి దిగాడు. బొగ్గు నింపే ఫిల్లర్‌గా తట్టా చెమ్మస్‌తో (తట్ట, పార) మొదలుపెట్టిన మనిషి. మా ఇంట్లో మాటలన్నీ బాయి మాటలే. మొదటి షిఫ్ట్, నైట్ షిఫ్ట్, ప్లే డే, హాలర్. కానీ నేను ఏనాడూ బాయి లోపల చూడలేదు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి దిగనీయలేదు. 2019లో ఆ నిబంధన సడలించారు, అప్పటికి బాపు రిటైరయ్యాడు. బాయి గేటు దాకా అన్నం క్యారియర్ తీసుకుపోవడమే నాకు తెలిసిన గని. పదేళ్లుగా గని బొమ్మలు వేస్తున్నాను, అన్నీ బాపు చెప్పినవి విని వేసినవే. అలాంటిది నా నెత్తిన మొదటిసారి టోపీ లైటు వెలిగింది ఉత్తర ధ్రువం దగ్గర. దారి చూపిస్తున్నది ఇరవై అయిదేళ్లు దాటని అమ్మాయి. బెల్టు ఎలా బిగించాలో ఆమె చూపిస్తుంటే నాకు కళ్లు మసకబారాయి. చలికి అనుకుని ఉంటుంది.

లోపల అన్నిటికన్నా నన్ను తికమక పెట్టింది పొడితనం. కొండ మొత్తం గడ్డకట్టి ఉంది, కాబట్టి గనిలో ఊట లేదు, చుక్క లేదు. ఏడాదంతా సున్నాకు కిందే. గోడల మీద మంచు పలుకులు పూసి, లైటు పడ్డ చోటల్లా తళుక్కుమంటున్నాయి. బాపు చెప్పిన బాయిలో మోకాళ్ల దాకా నీళ్లు, మోటార్ల మోత, ఒంటి మీద బనియను కూడా ఉంచుకోలేని ఉడుకు. ఇదేం బాయి?

బొగ్గు పొర మాత్రం చాలా సన్నం, నడుమెత్తు కూడా లేదు. ఇక్కడి వాళ్లు నిలబడి పని చేయలేదు, పక్కకు ఒరిగి పడుకునే చేశారు. కావాలంటే పాకి చూడమన్నారు. పాకాను. వీపుకు పైకప్పు తగులుతోంది, గడ్డానికి నేల. ఓ పది బారలు పోయాక ముందున్న పోలండ్ అతని బూట్లు ఆగిపోయాయి. ఆయన ఏదో రికార్డు చేస్తున్నాడు. నాకు ముందుకూ లేదు, వెనక్కీ లేదు. ఆ రెండు నిమిషాల్లో నేను పదేళ్లుగా వేసిన బొమ్మలన్నీ కళ్ల ముందు తిరిగాయి. అన్నిట్లోనూ మనుషులు నిలబడి ఉన్నారు. వెనకాల బోలెడంత చోటు.

ఇదే గనిలో ఒక పక్క ఆర్కిటిక్ వరల్డ్ ఆర్కైవ్ ఉంది. దేశదేశాల పత్రాలను ఫిల్ముకెక్కించి 2017 నుంచి దాస్తున్నారు. బయటికొచ్చాక, కాస్త పైన, కొండలోంచి పొడుచుకొచ్చిన విత్తన ఖజానా ముఖద్వారం కనిపించింది. ప్రపంచపు పంటల విత్తనాలు 2008 నుంచి అక్కడ భద్రం. లోపలికి మనల్ని రానివ్వరు. నెత్తిన మాత్రం అద్దాలూ ఉక్కు పలకలూ మెరుస్తుంటాయి, డీవెకే సానే అనే కళాకారిణి పని అది. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ లక్షకు పైగా నమూనాలు పంపింది ఇక్కడికి. జొన్న, సజ్జ, శనగ, కంది, పల్లి. ఈ మంచు కొండలో మన కంది గింజ నిద్రపోతోందని మిగతావాళ్లకు చెబితే, ఫొటోల అమ్మాయి "మీ వాళ్లు ముందే చోటు పట్టారన్నమాట" అంది.

మార్చి 6

గెస్ట్‌హౌస్ భోజనాల బల్ల దగ్గర ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. మొదట మూడో గనిలో, తర్వాత ఏడో గనిలో పని చేశాడట. ఈ ఊళ్లో ఉండటం లేదు. ఇక్కడ వృద్ధులను చూసుకునే ఏర్పాటు ఏదీ లేదు. పని ఉంటేనో, సొంత డబ్బు ఉంటేనో ఉండొచ్చు. ఒళ్లు సహకరించకపోతే ప్రధాన భూభాగానికి పోవాల్సిందే. ఆయన ఏటా సూర్యుడి పండుగకు వచ్చిపోతాడు. ఈసారి ఇంకో కారణం కూడా ఉంది. ఏడో గనిని ఈ వేసవిలో మూసేస్తున్నారు. స్వాల్‌బార్డ్‌లో నార్వే వాళ్ల చివరి బొగ్గు గని అది. ఊరి కరెంటు కేంద్రం 2023 అక్టోబరులోనే బొగ్గు మానేసి డీజిల్‌కు మారింది.

"మా గనులు మూతబడ్డాక కళాకారులు రావడం మొదలైంది" అన్నాడు, కాఫీ కలుపుకుంటూ. ఎత్తిపొడుపో కాదో తేల్చుకోలేకపోయాను. నిజం మాత్రం నిజమే. గని నడుస్తున్నప్పుడు మాలాంటి వాళ్లను ఎవరు రానిస్తారు? రానిచ్చినా దుమ్ములో, హడావిడిలో మేం ఏం చూస్తాం? చావు కబురు విన్నాక వచ్చే చుట్టాలం మేం.

బాపుకు వీడియో కాల్ చేశాను. ఇక్కడ సాయంత్రం నాలుగు, అక్కడ ఎనిమిదిన్నర. బాపు బనియన్ మీద ఉన్నాడు, పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఇద్దరూ ఒకరినొకరు పరీక్షగా చూసుకున్నారు.

"ఎన్నేండ్లు చేసిండట గాయిన?"

చెప్పాను.

"రూఫ్ ఎట్లుంటదట?"

ఇంగ్లిష్‌లో అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా, పిడికిలి బిగించి బల్ల మీద కొట్టాడు. టంగుమంది. తర్వాత బల్ల మధ్యలో, కింద కాలు లేని చోట కొట్టాడు. మొద్దుగా మోగింది. వేలు పైకి చూపించి, తల అడ్డంగా ఊపాడు.

బాపు మొహం విప్పారింది. ఫోను అమ్మకిచ్చి, లేచి వెళ్లి, తలుపు చెక్క మీద కొట్టాడు, ఆ పక్కన గోడ మీద కొట్టాడు. మళ్లీ తలుపు మీద. "గిదే. గట్టి బండైతే గంట లెక్క మోగుతది. డొల్ల అయితే గిట్ల. డొల్ల మోగిందా, ఇగ అక్కడ నిలవడొద్దు."

నేను తర్జుమా చేయబోయాను. పెద్దాయన చెయ్యెత్తి ఆపేశాడు. అక్కర్లేదట. పోలండ్ అతను తన మైకు తెచ్చుకునేలోగా ఆ ఇద్దరూ ఇంకో రెండుసార్లు కొట్టుకున్నారు, ఒకరు బల్ల, ఒకరు తలుపు.

తర్వాత గ్యాస్ గురించి అడిగాడు బాపు. ఉండేదట. 1920 జనవరిలో ఒకటో గనిలో పేలుడు జరిగి 26 మంది పోయారని పెద్దాయన చెప్పాడు. అది మాత్రం నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. బాపు కాసేపు మాట్లాడలేదు.

"నీళ్లు ఎక్కువనా?"

"నీళ్లే లేవు బాపు. అంతా గడ్డకట్టి ఉంటది."

"నీళ్లు లేవా?" బాపు నమ్మలేదు. "నీళ్లు లేంది అది బాయెట్లయితది బిడ్డా?"

లేచేముందు పెద్దాయన తన గదికెళ్లి, కాగితంలో చుట్టిన బొగ్గు పెళ్ల తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏడో గనిది. మా బొగ్గుకంటే తేలిక అనిపించింది. విరిచిన చోట అద్దంలా మెరుస్తోంది.

మార్చి 7

రోజంతా నూరడమే. ఇది ఆరు కోట్ల ఏళ్ల కిందటి అడవి, మాది పాతిక కోట్ల ఏళ్లు దాటింది. గాజు పలక మీద మాత్రం చిన్నదే మెత్తగా నలిగింది, రాయి తగల్లేదు. జిగురు పెంచి, సుద్ద తగ్గించి, గుడ్డ పక్కన నీళ్ల గిన్నె పెట్టి నిదానంగా ఆరబెట్టాను. పగల్లేదు. ఒక నలుపు మెరుస్తుంది, ఒక నలుపు మెరవదు. గుడ్డ అడ్డంగా పరిచి, మూరెడు ఎత్తు, ఆరు మూరల పొడుగు బొమ్మ మొదలుపెట్టాను. అందులో ఎవరూ నిలబడలేదు.

రాత్రి వంట నాది. ఈ ఊళ్లో థాయ్ వాళ్లు చాలా మంది ఉన్నారు, వాళ్ల పుణ్యమా అని పచ్చిమిరపకాయలు దొరికాయి. టమాటా పచ్చడికి నలుగురు ఏడ్చారు.

మార్చి 8

ఊళ్లో పాత ఆస్పత్రి మెట్లున్నాయి. ఆస్పత్రి లేదు, మెట్లే. నెలల తర్వాత ఎండ ఊళ్లో మొదట పడేది ఆ మెట్ల మీదే అని లెక్క. పదకొండు నుంచే జనం చేరారు. పిల్లలు మొహాలకు పసుపు రంగు పూసుకుని, నెత్తిన కాగితం కిరణాలు కట్టుకుని వచ్చారు. మా బతుకమ్మ నాడు కూడా ఇంత తొక్కిసలాట ఉండదు.

పన్నెండున్నర దాటాక పిల్లలంతా కలిసి సూర్యుడిని పిలవడం మొదలుపెట్టారు. రమ్మని, మళ్లీ రమ్మని. కొండ అంచు మీద మబ్బు పలచగా ఉంది, పూర్తిగా పోలేదు. మెట్ల కొయ్య మీద ఏదో లేత నారింజ ఛాయ కదిలింది. "వచ్చింది" అన్నారు కొందరు. "అది కాదు" అన్నారు కొందరు. అంతలోనే అందరూ అరిచేశారు, ఇక వాదన లేదు. నా పక్కన బొగ్గు పెద్దాయన టోపీ తీసి నిలబడ్డాడు. ఆయన మెట్ల వైపు చూడటం లేదు. ఎదురుగా రెండో గని నోరున్న కొండ వైపు చూస్తున్నాడు.

మార్చి 9

రేపు ప్రయాణం. బొమ్మ ఫొటో తీసి బాపుకు వాట్సాప్‌లో పెట్టాను. రెండు నీలి గీతలు పడ్డాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వాయిస్ మెసేజ్.

"మంచిగనే ఉంది బిడ్డా. మనుషులు పడుకొని చేస్తున్నరు, గది కూడ సమజైంది. ఒక పక్క మెరుస్తుంది, గది ఆళ్ల బొగ్గా? ఇంకో పక్క మనదే, చూడంగనే తెలుస్తుంది." వెనకాల ఫ్యాను చప్పుడు. "మరి మన దిక్కు నీళ్లేవి?"

చింతపిక్కల జిగురు తడిస్తే మళ్లీ కరుగుతుంది. రెండు రోజులు కాపలా కాసి పగలకుండా ఆరబెట్టిన పూత. నేత అమ్మాయిని పిలిచి గుడ్డకు అటు చివర పట్టుకోమన్నాను, ఇటు చివర నేను పట్టుకున్నాను. నిలువుగా లేపి, మా బొగ్గున్న సగం మీద గిన్నెలో నీళ్లు కుంచెతో చిలకరించాను. మొదట ఏమీ కాలేదు. తర్వాత పైకప్పు దగ్గర నలుపు మెల్లగా వదులై, ఒక ధార కట్టి, పడుకుని ఉన్న మనిషి భుజం మీదుగా కిందికి జారింది.

"ఆపాలా?" అంది ఆ అమ్మాయి.

"ఆగు, ఇంకా కారనీ" అన్నాను.